ముక్క టెస్టులో ‘మెటాప్లాసియా’ అని వచ్చింది, అమ్మకు క్యాన్సరేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మకు 58 ఏళ్లు. ఎన్నో ఏళ్లుగా గ్యాస్ ట్రబుల్, రెండు ముద్దలు తినగానే కడుపు ఉబ్బరం. ఊళ్లో మాత్రలు వాడుతూ నెట్టుకొచ్చింది. ఈసారి ఇక్కడికి తీసుకొచ్చి ఎండోస్కోపీ చేయించాం. ముక్క తీసి టెస్టుకు పంపారు. ‘క్రానిక్ యాక్టివ్ గ్యాస్ట్రైటిస్ విత్ ఇంటస్టైనల్ మెటాప్లాసియా, హెచ్. పైలోరీ పాజిటివ్, నో డిస్‌ప్లాసియా’ అని రిపోర్టు వచ్చింది. డాక్టరు 14 రోజులకు మందులు రాసి, భయపడొద్దని పంపేశారు. నెట్‌లో చూస్తే క్యాన్సర్‌కు ముందు దశ అని ఉంది. జీర్ణాశయంలోకి పేగు కణజాలం ఎలా వస్తుంది? మళ్లీ మామూలవుతుందా? కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ భాగం కోయించేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. కారం తిని, టెన్షన్ పడి తెచ్చుకుందని వాడి వాదన. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమెకు షుగర్ కూడా ఉంది, ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అరికాళ్లు తిమ్మిర్లు. ఇంకో సంగతి. నాన్న బండి మీంచి పడి ఎడమ కాలు విరిగితే పిండికట్టు వేశారు. మొన్న కట్టు విప్పితే పిక్క సగమైపోయింది. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పినా అడుగు వేయాలంటే భయపడుతున్నారు. అది మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ముందుగా సూటిగా చెప్పేస్తాను. ఈ రిపోర్టు ప్రకారం మీ అమ్మగారికి క్యాన్సర్ లేదు. రిపోర్టు చివర ‘నో డిస్‌ప్లాసియా’ అని ఉంది చూడండి, అంటే కణాలు క్యాన్సర్ వైపు మళ్లలేదని. మొత్తం కాగితంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. మీరు నెట్‌లో వెతికింది దాని ముందున్న మాటను. అందరూ అలాగే చేస్తారు. రిపోర్టులో పొడవుగా, నోరు తిరగనట్టుగా ఉన్న మాట కనిపిస్తే కన్ను అక్కడే ఆగిపోతుంది.

నేను పెథాలజిస్టును. ఉద్యోగమంతా రోగుల ముఖాలు చూడకుండా వాళ్ల ముక్కలు చూస్తూ గడిపినవాణ్ని. మీ అమ్మగారి ముక్క లాబ్‌కు వచ్చాక ఏం జరిగిందో చెబితే సగం భయం దానికదే పోతుంది.

ఎండోస్కోపీ గొట్టంలోంచి పంపే చిన్న పటకారుతో తీసే ముక్క రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. తీసిన వెంటనే ఫార్మలిన్ సీసాలో వేస్తారు. లాబ్‌లో ఆ ముక్కలోని నీటినంతా ఆల్కహాల్‌తో లాగేసి, ఆ ఖాళీల్లోకి కరిగిన పారఫిన్ మైనం ఎక్కిస్తారు. మైనం గడ్డకట్టాక దాన్ని ‘బ్లాక్’ అంటాం. దాన్ని మైక్రోటోమ్ అనే యంత్రం మీద నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, కాబట్టి ఆ పలచన ఎంతో మీరే లెక్కవేసుకోండి. పొరలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తుంటే, టెక్నీషియన్ వాటిని గోరువెచ్చని నీళ్ల మీద తేలనిచ్చి, ముడతలు పోయాక గాజు పలకతో కిందనుంచి ఎత్తుకుంటారు. చేయి తిరిగిన టెక్నీషియన్ దగ్గర నిలబడి చూడాల్సిన పని అది. మంచి రిపోర్టు వచ్చిందంటే అందులో సగం పుణ్యం వాళ్లది. తర్వాత రెండు రంగులు వేస్తారు. హిమటాక్సిలిన్ కణ కేంద్రకాలను నీలం కలిసిన ఊదాగా చేస్తుంది, ఇయోసిన్ మిగతాదంతా గులాబీ చేస్తుంది. ఆ పలకే మా ముందుకొస్తుంది.

ఇప్పుడు కణజాలం సంగతి. బడిలో నాలుగు రకాలు చదువుకునే ఉంటారు: ఉపకళా కణజాలం, సంయోజక కణజాలం, కండర కణజాలం, నాడీ కణజాలం. ఈ నాలుగూ వేరే వేరే అవయవాల్లో ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఒక్క జీర్ణాశయం గోడలోనే నాలుగూ ఉన్నాయి. ఆహారం తగిలే లోపలి పూత ఉపకళ. దాని కింద రక్తనాళాలను, రక్షణ కణాలను పట్టి ఉంచే మెత్తటి పదార్థం సంయోజక కణజాలం. ఇంకా వెలుపల మూడు దిక్కులుగా అల్లుకున్న నునుపు కండరం, తిన్నదాన్ని చిలికేది అదే. ఆ కండర పొరల మధ్య నాడుల వల ఉంటుంది, మన ఆజ్ఞ కోసం చూడకుండా పని నడిపించేస్తుంది. ఆకలి వేసినప్పుడు కడుపులో గుడగుడమనేది ఈ నాలుగూ కలిసి చేసే చప్పుడే.

ఈ నాలుగు రకాల లెక్క కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. ఫ్రాన్స్‌లో గ్జావియే బిషా అనే వైద్యుడు మైక్రోస్కోపు ముట్టకుండానే శవాలను కోసి, ఉడికించి, ఎండబెట్టి, ఆమ్లాల్లో నానబెట్టి 21 రకాల కణజాలాలు ఉన్నాయని తేల్చాడు. 1802లో చనిపోయేనాటికి ఆయనకు 30 ఏళ్లు. జబ్బు అవయవానికి కాదు, అందులోని కణజాలానికి వస్తుందని గట్టిగా చెప్పినవాడు ఆయన. ఇవాళ మీ అమ్మగారి రిపోర్టులో జీర్ణాశయం మొత్తం గురించి కాకుండా దాని లోపలి పొర గురించి మాత్రమే రాశామంటే, అది ఆయన చూపిన దారే.

నాలుగింటిలో మీ అమ్మగారి విషయంలో మారింది ఒక్కటే, ఉపకళ. మారడం దానికి కొత్త కాదు. శరీరంలో అందరికన్నా ఎక్కువ దెబ్బలు తినే కణజాలం అదే కాబట్టి అందరికన్నా వేగంగా తిరిగి పుట్టేదీ అదే. పేగు లోపలి పూత నాలుగైదు రోజుల్లో కొత్తదైపోతుంది. చర్మం పైపొర నెల తిరిగేసరికి మారిపోతుంది. జీర్ణాశయం పైపొర కూడా రోజుల లెక్కలోనే రాలిపోతూ పుడుతూ ఉంటుంది. అంత ఘాటైన ఆమ్లం మధ్య బతకాలంటే మరో దారి లేదు. ఈ కొత్త కణాలన్నీ గ్రంథుల లోపల దాక్కున్న కొన్ని మూలకణాల నుంచి వస్తాయి.

మీ అమ్మగారి కడుపులో ఏళ్ల తరబడి ఒక మంట రగులుతోంది. రిపోర్టులో ‘క్రానిక్’ అని రాసింది దాని గురించే. చాలామంది ఆ మాటకు ‘ముదిరిపోయింది’ అని అర్థం చెప్పుకుంటారు, అది తప్పు. సంయోజక పొరలో లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రక్షణ కణాలు గుంపులుగా చేరి ఉంటే, అంటే మంట చాన్నాళ్లుగా ఉందని తెలిస్తే, అలా రాస్తాం. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం కణాలు కూడా గ్రంథుల్లోకి దూరి కనిపిస్తే, ఇప్పటికీ మంట నడుస్తోందని ‘యాక్టివ్’ అని చేరుస్తాం. అంతే.

అలా ఏళ్ల తరబడి పూత పాడవుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటే ఒక దశలో మూలకణాలు పాత రకం కణాలను తయారుచేయడం మానేసి వేరే రకం తయారుచేస్తాయి. జీర్ణాశయం కణాల స్థానంలో పేగు కణాలవంటివి వస్తాయి. మైక్రోస్కోపులో అది దాగదు. గులాబీ రంగు కణాల వరుస మధ్యలో పొట్ట నిండా జిగురు పెట్టుకుని తెల్లగా ఉబ్బిన కణాలు కనిపిస్తాయి. అవి పేగులో ఉండాల్సినవి. ఇక్కడ కనిపిస్తే మేం ఇంటస్టైనల్ మెటాప్లాసియా అని రాస్తాం. పేగు ఎక్కడినుంచో పాక్కుంటూ పైకి రాలేదు. ఉన్న కణం ఉన్నట్టుండి వేషం మార్చుకోలేదు. ఆ చోట పుట్టే కొత్త తరం మారింది.

మీ కె.ఆర్.పురం మెయిన్ రోడ్డు పక్క ఇళ్లు చూడండి. రోడ్డు వెడల్పయి, దుమ్ము, హారన్లు, జనం పెరిగాక కింది వాటాలో కాపురం ఉన్నవాళ్లు ఒకరొకరే ఖాళీ చేశారు. ఆ గదుల్లో ఇప్పుడు మొబైల్ షాపు, మెడికల్ షాపు. గోడలు అవే, పునాది అదే. ఉండేవాళ్లు మారారు, రోడ్డు రద్దీని తట్టుకునేవాళ్లు వచ్చారు. మెటాప్లాసియా కూడా అలాంటిదే. తట్టుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. విచిత్రం ఏమిటంటే, ఈ ఏర్పాటు కొంత పనిచేస్తుంది కూడా. పేగు రకం పూత వచ్చిన చోట హెచ్. పైలోరీ క్రిమికి పట్టు సరిగా దొరకదు.

మరి రోడ్డు రద్దీ ఎక్కడిది? మీ తమ్ముడు చెప్పిన కారం, టెన్షన్ కథ ఒకప్పుడు డాక్టర్లూ నమ్మిందే. కడుపులో పుండు పడితే పాలు తాగు, కోపం తగ్గించుకో అనేవాళ్లు. ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని అందరికీ గట్టి నమ్మకం. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు, బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆ నమ్మకాన్ని తిరగేశారు. ఈ మంటకు మూలం హెచ్. పైలోరీ అనే క్రిమి అన్నారు, 1982లో దాన్ని లాబ్‌లో పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రవం తానే తాగి కడుపులో మంట తెచ్చుకున్నాడు. (దయచేసి మీ తమ్ముడికి ఈ భాగం చదివి వినిపించండి.) 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ క్రిమి యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. మన దేశంలో చాలామందికి ఇది చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచో, నీళ్ల నుంచో అంటుతుంది. అలా అంటినవాళ్లలో ఎక్కువమందికి జీవితమంతా ఏమీ కాదు. కాబట్టి మీ అమ్మగారు ఏదో తప్పు చేసి తెచ్చుకున్నది కాదు ఇది. కారానికి ఆ నింద వేయకండి. ఉప్పు సంగతి మాత్రం వేరు, దాని దగ్గరికి వస్తాను.

నెట్‌లో మీరు చూసిన మెట్ల వరుస అబద్ధం కాదు. దీర్ఘకాలం మంట, పూత పలచబడటం, మెటాప్లాసియా, డిస్‌ప్లాసియా, ఆపైన క్యాన్సర్ అని పెలాయో కొరియా అనే పెథాలజిస్టు వివరించిన వరుస అది. అయితే ఆ బొమ్మ గీసినప్పుడు ప్రతి మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోతారో కనిపించదు. మెటాప్లాసియా ఉన్నవాళ్లలో అత్యధికులు ఆ మెట్టు మీదే జీవితాంతం ఉండిపోతారు. పైకి వెళ్లే కొద్దిమందికి కూడా సాధారణంగా ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. అసలు హద్దు డిస్‌ప్లాసియా దగ్గర ఉంది. మెటాప్లాసియాలో కణం రకం మారుతుంది కానీ క్రమశిక్షణ తప్పదు. కేంద్రకాలు ఒకే పరిమాణంలో, అడుగున, వరుసలో ఉంటాయి. డిస్‌ప్లాసియాలో కేంద్రకాలు పెద్దవై, ముదురు రంగు తిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మీ అమ్మగారి పలకను చూసిన పెథాలజిస్టు దానికోసమే వెతికి, లేదని రాశారు.

ఇంకో మాట చెబితే మీకు ఆశ్చర్యం కలగొచ్చు. మెటాప్లాసియా మీ ఒంట్లోనూ ఉండే ఉంటుంది. యుక్తవయసు వచ్చాక గర్భాశయ ముఖద్వారం దగ్గర ఒంటి పొర ఉపకళ మెల్లగా అనేక పొరల ఉపకళగా మారుతుంది. దాదాపు ఆడవాళ్లందరిలో జరిగేదే. పాప్ స్మియర్ రిపోర్టుల్లో ‘స్క్వామస్ మెటాప్లాసియా’ అని తరచూ కనిపిస్తుంది, అది జబ్బు కాదు. సిగరెట్ తాగేవాళ్ల శ్వాసనాళాల్లోనూ ఇలాగే జరుగుతుంది. కఫాన్ని పైకి తోసే నూగు ఉన్న కణాలు పోయి, పొగను తట్టుకునే గట్టి పొర వస్తుంది. తట్టుకుంటుంది కానీ ఊడ్చే పని ఆగిపోతుంది, అందుకే ఆ దగ్గు. సిగరెట్ మానేస్తే అక్కడ పూత చాలావరకు వెనక్కి వస్తుంది. సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: మీకు ముప్పై దాటి ఉంటే గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకున్నారా? అమ్మ గురించి ఇంత వెతికినవాళ్లు తమది మరచిపోతుంటారు.

మళ్లీ మామూలవుతుందా అని అడిగారు. క్రిమి పోతే మంట తగ్గుతుంది, అది ఖాయంగా ఆశించవచ్చు. పలచబడిన పూత కొంతవరకు కోలుకోవచ్చు. పేగు రకంగా మారిన భాగం మాత్రం కొందరిలో తగ్గుతుంది, చాలామందిలో అలాగే ఉండిపోతుంది. ఉండిపోయినా క్రిమి లేనప్పుడు ముందుకు జరిగే అవకాశం తగ్గుతుంది. కాబట్టి ‘మెటాప్లాసియా పోయిందా లేదా’ అని ప్రతి ఆర్నెల్లకూ గొట్టం వేయించకండి. ‘క్రిమి పోయిందా లేదా’ అన్నది ముఖ్యం.

అందుకని ఆ 14 రోజుల కోర్సు ఒక్క పూట కూడా తప్పకుండా వేయించండి. నోరు చేదుగా, లోహం రుచిగా ఉంటుంది, వికారం ఉండొచ్చు. ఆ మందుల్లో బిస్మత్ ఉంటే విరేచనం నల్లగా అవుతుంది, అది మందు రంగు. బిస్మత్ లేకపోయినా, లేదా కోర్సు అయిపోయి రోజులు గడిచాక అయినా, తారులా నల్లగా అయితే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా తెలిసి ఉంటే మొదలుపెట్టే ముందే చెప్పండి. సగంలో ఆపితే క్రిమి చావదు, పైగా మందుకు మొండికేస్తుంది.

కోర్సు అయ్యాక చాలామంది ‘మంట తగ్గింది, అయిపోయింది’ అనుకుని మళ్లీ డాక్టరు గడప తొక్కరు. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. క్రిమి పోయిందని రుజువు కావాలి. దానికి ఊపిరి పరీక్ష లేదా మల పరీక్ష ఉంది. ఊపిరి పరీక్షలో గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగిస్తారు. క్రిమి ఉంటే దాన్ని విడగొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. యాంటీబయాటిక్ పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి చేయించాలి. పాంటాప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు, డాక్టరుకు చెప్పి, కనీసం రెండు వారాల ముందు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేస్తామంటే వద్దనండి. క్రిమి పోయినా అవి చాలాకాలం ఉంటాయి, దాంతో ఏమీ తేలదు.

మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు అనేది మూడు నాలుగు విషయాలమీద ఆధారపడుతుంది. మార్పు జీర్ణాశయం కింది భాగానికే పరిమితమా, పైనున్న పెద్ద భాగంలోనూ ఉందా? పేగు రకంలో పూర్తి రకమా, అసంపూర్ణ రకమా? అమ్మగారి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చిందా? కొద్దిపాటి మార్పు, కుటుంబ చరిత్ర లేదు అంటే సాధారణంగా మళ్లీ గొట్టం అవసరం పడదు. విస్తారంగా ఉంటేనో, కుటుంబ చరిత్ర ఉంటేనో మూడేళ్లకోసారి చూడమంటారు. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లి డాక్టరును అడగండి, తెలుగులోనే అడగండి. బెంగళూరులో తెలుగు అర్థంకాని డాక్టరును వెతికి పట్టుకోవడమే కష్టం.

ఆపరేషన్ మాట మర్చిపొండి. మెటాప్లాసియాకు జీర్ణాశయం కోయరు. దానికోసం కిద్వాయిలో వరుసలో నిలబెడితే అమ్మగారికి మిగిలేది భయం. తమ్ముడికి నమ్మకం కుదరకపోతే లాబ్ నుంచి పలకలు, మైనం బ్లాకు అడిగి తీసుకుని ఇంకో పెథాలజిస్టుకు చూపించండి. అది మీ హక్కు, ఎవరూ నొచ్చుకోరు. అమ్మగారిని కదిలించాల్సిన పనే లేదు. బరువు తగ్గిపోవడం, ఆగని వాంతులు, మింగడం కష్టమవడం, రక్తం తగ్గడం – వీటిలో ఏది కనిపించినా మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్లాలి.

ఉప్పు గురించి చెప్తానన్నాను. ఉప్పులో ఊరబెట్టిన పదార్థాలు ఎక్కువగా తినేవాళ్లలో జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువని గట్టి ఆధారాలున్నాయి. సంకటిలోకి పప్పు, ఆకుకూర బాగానే ఉంటాయి. మూడు పూటలా ఊరగాయ, మజ్జిగలోకి ఉప్పుమిరపకాయలు అయితే తగ్గించాలి. పూర్తిగా మాన్పించాల్సిన పని లేదు, మాన్పిస్తే వంటింట్లో దొంగతనంగా తింటారు. పొగాకు నమిలే అలవాటుంటే అది మాత్రం పూర్తిగా ఆపాల్సిందే.

ఇక మీరు చివర్లో మాటవరసకు రాసిన తిమ్మిర్లు. నాకు మీ ఉత్తరంలో మెటాప్లాసియా కన్నా ఇదే ఎక్కువ పట్టింది. షుగర్ వల్ల నాడులు దెబ్బతిని తిమ్మిర్లు రావడం మామూలే, అందుకే ఎవరూ ఇంకో కారణం వెతకరు. కానీ జీర్ణాశయం పెద్ద భాగంలో ఉండే కణాలు ఆమ్లంతో పాటు ఇంకొక ప్రొటీన్ కూడా తయారుచేస్తాయి. అది లేకపోతే ఆహారంలోని బి12 ఒంటికి పట్టదు. అక్కడ పూత పలచబడితే బి12 తగ్గొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా తగ్గుతుంది. ఆమ్లం తగ్గించే మాత్రలు చాలాకాలం వాడినా అంతే. మీ అమ్మగారికి ఈ మూడూ కలిసి ఉండొచ్చు. బి12 లేకపోతే నాడీ తంతువుల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు పాడవుతుంది. ఉపకళలా వారం తిరిగేసరికి కొత్తది కట్టుకునే సుఖం నాడీ కణజాలానికి లేదు. నాడీ కణాలు దాదాపుగా విభజన చెందవు. కాళ్లు చేతుల్లో తెగిన నాడీ తంతువు మళ్లీ పెరిగినా రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఆలస్యమైతే కొంత నష్టం ఉండిపోతుంది. ఈ వారంలోనే బి12 పరీక్ష చేయించండి, తక్కువుంటే ఇంజెక్షనా మాత్రలా అనేది డాక్టరు చూస్తారు. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

(ఆదివారాలు మాల్‌కు వెళ్లే బదులు ఒకసారి పనిదినం చూసుకుని హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ (మానసిక, నాడీ వైద్య సంస్థ)లోని మెదడు మ్యూజియం చూసిరండి, పిల్లలుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. డాక్టర్ ఎస్.కె. శంకర్ గారు ఓపిగ్గా పోగుచేసిన మెదళ్లు అక్కడున్నాయి. నాడీ కణజాలం అంటే ఏమిటో కళ్లారా చూడొచ్చు.)

నాన్నగారిది తేలిక విషయం, అందుకే చివరికి వదిలాను. కట్టులో ఉన్నన్నాళ్లు పిక్క కండరానికి పనిలేదు. పనిలేని కండరాన్ని శరీరం పోషించదు. అయితే పోయింది కండర తంతువుల సంఖ్య కన్నా వాటి లావు. పని పెడితే తిరిగి లావెక్కుతాయి. ఆయన వయసుకు నెలలు పడుతుంది, కానీ వస్తుంది. అంతరిక్షంలో బరువే తెలియని వ్యోమగాములకూ ఇదే తంటా. కాళ్ల కండరాలు తగ్గుతాయి, కొన్ని ఎముకల్లో సాంద్రత నెలకు ఒక శాతానికి పైగా పోతుంది. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో చేసిన ప్రయోగాల్లో కండర కణాల మీద చేసినదాన్ని రూపొందించింది మన బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే మూలకణ పరిశోధన సంస్థ వాళ్లే.

అడుగు వేస్తే ఎముక మళ్లీ విరుగుతుందని నాన్నగారి భయం. ఎముక సంయోజక కణజాలమే, కానీ రక్తం బాగా అందే కణజాలం. విరిగిన చోట మొదట రక్తం గడ్డకట్టి, తర్వాత మృదులాస్థి కలిసిన మెత్తటి అతుకు, ఆపైన గట్టి ఎముక వస్తాయి. ఆ గట్టి అతుకును తిరిగి చెక్కి అసలు ఆకారానికి తెచ్చేది శరీర బరువే. బరువు పడిన దిక్కున ఎముక బలపడుతుంది, పడకపోతే పలచబడుతుంది. డాక్టరు అతుక్కుందని చెప్పాక కూడా మంచం దిగకపోతే ఎముకకే నష్టం. మోకాలి లోపలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం అటూ ఇటూ ఆడితేనే దానికి పోషణ. కాబట్టి ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లండి, ఎంత బరువు మోపొచ్చో ఎముకల డాక్టరును అడిగి మొదలుపెట్టించండి. రోజూ గుడ్డో, పప్పో, పెరుగో కాస్త ఎక్కువ వడ్డించండి. పిక్క సన్నగా ఉండటం సరే కానీ, ఎర్రగా వాచి, వేడిగా ఉండి నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదన్నారు. చెప్పాలి. మీరు, తమ్ముడు వంటింట్లో గుసగుసలాడుతుంటే ఆమె ఈపాటికి అంతకన్నా పెద్దదే ఊహించుకుని ఉంటారు. పైగా 14 రోజులు ఆ చేదు మాత్రలు మింగాల్సింది ఆవిడే. ‘అమ్మా, నీ కడుపులో చిన్నప్పటినుంచీ ఒక క్రిమి ఉందంట. దానివల్ల లోపలి పొర కొంచెం మారింది. క్యాన్సర్ కాదు, ముక్క తీసి చూశారు. మందు సరిగా వేసుకుని క్రిమిని చంపేస్తే చాలు, అప్పుడప్పుడు చూపించుకుందాం’ అనండి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆవిడ అడిగే ప్రశ్నలకు తెలిసినంత చెప్పండి.

మీరు పంపిన రిపోర్టు ఫొటోలో పైభాగం తెగిపోయింది. ‘గ్రాస్’ అనే శీర్షిక దగ్గర ఎన్ని ముక్కలు తీశారో, ఏ భాగం నుంచి తీశారో రాసి ఉంటుంది. బి12 ఫలితంతో పాటు ఆ పేజీ కూడా సరిగ్గా తీసి పంపితే మూడేళ్ల సంగతి అప్పుడు చెబుతాను.